అనిషినాబేమొవిన్ నిమజ్జన బోధన

ఉత్తర అమెరికాలో మహా సరస్సుల చుట్టూ నివసించే అనిషినాబే ప్రజల భాషను, ముఖ్యంగా దాని ఒజిబ్వే రూపాన్ని, పిల్లలకు ఆ భాషలోనే పనులు చేయిస్తూ నేర్పే పద్ధతి. పిల్లలను ఇంటి నుంచి వేరుచేసి ఉంచిన ఆవాస పాఠశాలలు తరాలపాటు వారి నోట ఈ భాషను అణచివేశాయి. ఆ గాయం వల్లే ఇళ్లలో భాష తెగిపోయింది. స్థానిక భాషల హక్కును అమెరికా 1990లో చట్టంగా గుర్తించింది.

విస్కాన్సిన్‌లోని లా కూడరే రిజర్వేషన్‌లో నడిచే వాడూకోడాడింగ్ బడి పేరున్న ఉదాహరణ. 'ఒకరికొకరు తోడ్పడే చోటు' అని ఆ పేరుకు అర్థం. వసంతంలో పిల్లలు మేపుల్ చెట్ల నుంచి రసం దించి కాస్తారు. సుమారు 40 లీటర్లు మరిగితే ఒక లీటరు పాకం. పొయ్యి దగ్గర గడిపే ఆ గంటల్లో 'మరుగుతోంది', 'చిక్కబడుతోంది' లాంటి క్రియలు కళ్ళెదుటే అర్థమవుతాయి. క్రియలే ప్రాణమైన భాషకు ఇంతకన్నా మంచి తరగతి గది లేదు. వేసవి చివర మనోమిన్ అనే నీటి ధాన్యపు కోత. సంప్రదాయ కథలు మాత్రం మంచు కురిసే కాలంలోనే చెబుతారు.

వ్యాకరణంలో నామవాచకాలు సజీవం, నిర్జీవం అని రెండు తెగలు. రాయి (అసిన్) సజీవం. రాస్ప్‌బెర్రీ సజీవం, స్ట్రాబెర్రీ నిర్జీవం. ఇది సూత్రంతో పట్టుబడదు, పళ్ళు ఏరుతూ వింటేనే అలవడుతుంది. అనర్గళంగా మాట్లాడే పెద్దలు తగ్గిపోవడం ఈ బోధనకు అన్నిటికన్నా పెద్ద కష్టం.