మన ఊరు వేసిన కుర్చీ

ఇలా జరగరా అబ్బాయ్, పొగ అటే కొడుతోంది. ఆ తాటిమట్ట ఇలా అందుకో. గోదారి మీద మంచు విడేదాకా ఎలాగూ లోపలికి వెళ్లం. మీ కెనడాలో మేయర్ని ఊరంతా నేరుగా ఎన్నుకుంటారన్నావు కదూ రాత్రి? మన రాజమండ్రికి మేయరన్న మాట 1994లో కార్పొరేషన్ అయ్యాకే వచ్చింది. అంతకుముందు మునిసిపల్ చైర్మనే. ఆ కుర్చీలో కూర్చున్నవాళ్లలో నా మనసుకి దగ్గరైనవారు టంగుటూరి ప్రకాశం పంతులుగారు.

ఆయనది ఈ ఊరు కాదు నాయనా, ఒంగోలు వైపు. చిన్నతనంలోనే తండ్రి పోయాడు. తల్లి సుబ్బమ్మగారు ఒంగోల్లో పూటకూళ్లిల్లు నడిపింది. పూటకూళ్లంటే ఏమనుకున్నావ్? తెల్లారకముందే పొయ్యి రాజెయ్యాలి, వచ్చినవాళ్లందరికీ కొసరి కొసరి వడ్డించాలి, విస్తళ్లెత్తాలి. ఆ డబ్బుల్లోంచే కొడుకు చదువు. కొడుక్కేమో నాటకాల పిచ్చి, ఆడవేషాలు కూడా కట్టేవాడు. ఇమ్మానేని హనుమంతరావు నాయుడుగారని ఆయనకి మేష్టారు. మకాం రాజమండ్రికి మారుస్తూ ఈ కుర్రాణ్ణి వెంటబెట్టుకొచ్చారు. కన్నకొడుకా? కాదు. చుట్టమా? అదీ కాదు. ఇక్కడ చదివించి, ఆనక ప్లీడరీకి మద్రాసు పంపించారు. ఆ మేష్టారి పేరు ఇవాళ ఎవరికీ గుర్తులేదు, అదే నా బాధ. నువ్వైనా గుర్తుపెట్టుకో.

ప్లీడరై మళ్లీ మన ఊరే వచ్చారు పంతులుగారు. 1904, హేవలాక్ వంతెన మీద రైళ్లు తిరగడం మొదలై నాలుగేళ్లు. ఓటంటే అప్పుడు అందరికీ ఎక్కడిది, పన్ను కట్టే కొద్దిమందికే. అలాంటి రోజుల్లో పూటకూళ్లమ్మ కొడుకు, ఎక్కణ్ణుంచో వచ్చినవాడు, ముప్పై దాటిన కుర్రాడు ఈ ఊరికి చైర్మనయ్యాడు. ఇది తలుచుకున్నప్పుడల్లా నాకు ఒళ్లు పులకరిస్తుందిరా.

అయినా ఆ కుర్చీ పట్టుకుని వేళ్లాడలేదాయన. సెకండ్ గ్రేడ్ ప్లీడరుకి హైకోర్టులో వాదించే హక్కు లేదు. బారిష్టరు చదువుకని సీమకెళ్లి, 1907లో తిరిగొచ్చి మద్రాసులో ప్రాక్టీసు పెట్టారు. 1928లో సైమన్ కమిషనొచ్చినప్పుడు తుపాకీకి రొమ్ము చూపించిన సంగతి మీ బళ్లో చెప్పకపోయినా మీ నాన్న చెప్పే ఉంటాడు. 1953లో ఆంధ్ర రాష్ట్రానికి తొలి ముఖ్యమంత్రీ ఆయనే.

ఒంగోలువాళ్లు మావాడంటారు, 1972లో జిల్లాకే ఆయన పేరు పెట్టుకున్నారు. వాళ్ల హక్కు అది, కాదనం. ఊరిపెద్ద కుర్చీ మాత్రం ముందు మనమే వేశాం.

ఆ మట్ట ఇటు తొయ్యి, మంట తగ్గుతోంది.