పేరు మోసిన సంచి

దోమలగూడలో మా ఇంటి వంటగది తలుపు వెనక ఒక మేకు ఉండేది. దానికి అయిదారు గుడ్డ సంచులు ఒకదాని మీద ఒకటి వేలాడుతుండేవి. కూరలకొకటి, బియ్యానికొకటి, పచారీ సామాన్లకొకటి. వాటిలో అన్నిటికన్నా పాతది లేత గోధుమరంగు సంచి. పెళ్లిబట్టలు కొన్నప్పుడు నారాయణగూడలో ఒక బట్టల దుకాణంవాళ్లు ఇచ్చారు. దుకాణం పేరు ఆకుపచ్చ రంగులో అచ్చయి ఉండేది. ఉతికి ఉతికి అక్షరాల్లో సగం వెలిసిపోయాయి. రెండుసార్లు కాడలు తెగితే మా నాయనమ్మ పాత చీర అంచు చింపి కొత్త కాడలు కుట్టింది. ఆ దుకాణం ఎప్పుడో మూతబడింది. సంచి మాత్రం చిక్కడపల్లి కూరగాయల మార్కెట్‌కి వెళ్లి వస్తూనే ఉండేది.

ప్రసిద్ధికెక్కినవాళ్లను 'పేరు మోసిన' అంటాం. ఆ సంచి నిజంగానే పేరు మోసింది. యజమాని లేకపోయినా, దుకాణం లేకపోయినా, కిలో వంకాయలతో పాటు ఆ పేరునూ మోసుకొచ్చింది.

కంపెనీలు, దుకాణాలు, సంఘాలు తమ పేరు వేయించి ఊరికే పంచే సంచులు, పెన్నులు, క్యాలెండర్లు, జ్ఞాపికలు పర్యావరణానికి హాని చేయకుండా ఉండాలని ఈమధ్య అందరూ అంటున్నారు. మంచి మాటే. అయితే ఈ చర్చ ఎప్పుడూ దేనితో తయారుచేయాలనే ప్రశ్న దగ్గర మొదలై అక్కడే ఆగిపోతోంది. తీసుకున్నవాళ్లింట్లో ఆ వస్తువు ఎన్నాళ్లుంటుందో అడిగేవాళ్లు తక్కువ. మన దగ్గర ఈ పంపకాల చరిత్ర తిరగేస్తే, అప్పటివాళ్లు ఆ రెండో ప్రశ్నకు తెలియకుండానే జవాబు చెప్పారనిపిస్తుంది.

తెలుగువాళ్లలో ఈ విద్యకు ఆద్యుడు కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారే అనుకుంటాను. 1893లో బొంబాయిలో అమృతాంజనం మొదలుపెట్టారు. కొత్త మందును జనం నమ్మాలంటే ముందు రాసుకుని చూడాలి కదా. అందుకే సంగీత కచేరీలకు వెళ్లి అక్కడ చేరినవాళ్లకు ఉచితంగా పంచారు. ఇచ్చింది మందు. తలనొప్పి తగ్గితే పేరు గుర్తుంటుంది. పారేయడానికి అందులో మిగిలేది ఏమీ లేదు. అలా వచ్చిన డబ్బుతోనే 1908లో ఆంధ్రపత్రిక పుట్టిందన్నది తెలుగు పత్రికల చరిత్రలో అందరికీ తెలిసిన ముచ్చట.

మన హైదరాబాద్‌కి వస్తే, 1920లో మొదలైన జిందా తిలిస్మాత్ అంబర్‌పేటలో తయారవుతుంది. నారాయణగూడ నుంచి పెద్ద దూరం కాదు. దాని ప్రచారం ఎక్కువగా గోడల మీద నడిచింది. ఊరూరా సున్నం గోడల మీద మందు పేరు, నిజాం కొలువులోని ఆఫ్రికన్ సైనికులను తలపించే ఆ బొమ్మ. గోడ ఎటూ ఉన్నదే, కావలసింది కాస్త రంగూ కుంచే. కొన్నేళ్లకు మళ్లీ సున్నం వేస్తే చెరిగిపోతుంది. 1938లో ఉస్మానియా పట్టభద్రులు స్థానిక పరిశ్రమల సరుకు జనానికి చూపించాలని పబ్లిక్ గార్డెన్స్‌లో నుమాయిష్ పెట్టారు. సుమారు వంద దుకాణాలు, పది రోజులు. అప్పటికి సరుకే ప్రచారం. వస్తువు చేతిలోకి తీసుకుని చూసేవాళ్లు, నచ్చితే కొనేవాళ్లు.

ఇంకో సంగతి చెప్పకుండా ఉండలేను. 1930లో ఏర్పడిన వజీర్ సుల్తాన్ టుబాకో కంపెనీ మూడక్షరాలు ఆజామాబాద్ దగ్గర చౌరస్తాకు పేరైపోయాయి. 2023 ఆగస్టులో ప్రారంభమైన ఉక్కు వంతెనను ఇందిరాపార్కు నుంచి వీఎస్‌టీ దాకా అని చెప్పుకుంటున్నాం. సిగరెట్ ముట్టనివాళ్లు కూడా "వీఎస్‌టీ దగ్గర దించు" అంటారు. పంచిపెట్టిన ఏ వస్తువూ ఒక పేరును ఇంతగా జనం నోళ్లలో నాననివ్వలేదు.

పంచిన వస్తువుల్లో మహారాణి మాత్రం క్యాలెండరే. రవివర్మ 1894లో బొంబాయిలో పెట్టిన ప్రెస్సు నుంచి లక్ష్మి, సరస్వతి పటాలు ఇంటింటికీ చేరాయి. తర్వాత కోవిల్‌పట్టిలో స్థిరపడిన కొండయ్యరాజు, ఆయన శిష్యులు గీసిన దేవుళ్లు శివకాశి ప్రెస్సుల్లో అచ్చయి దక్షిణాదంతా గోడలెక్కారు. అందులో ఉన్న కిటుకు నాకు ఇప్పటికీ ముచ్చటేస్తుంది. బొమ్మ అందరికీ ఒకటే, భారీగా అచ్చేస్తారు. కింద ఒక పట్టీ ఖాళీగా వదిలేస్తారు. కిరాణా కొట్టాయనో, మందుల షాపాయనో, చిట్‌ఫండ్ కంపెనీయో తమ పేరు ఆ పట్టీలో వేయించుకుంటారు. పైన రేకు బద్దీ, మేకుకు తగిలించడానికి కొక్కెం. ఇంటి ఇల్లాలు పాలలెక్క, గ్యాసు బండ వచ్చిన రోజు, చాకలి పద్దు అందులోనే రాసేది. ఏడాది పొడుగునా రోజుకు నాలుగుసార్లు కళ్లు ఆ పేరు మీద పడేవి.

ఏడాది అయిపోయాక దాని అసలు జీవితం మొదలయ్యేది. దేవుడి బొమ్మను పారేయడానికి ఎవరికి చేతులొస్తాయి? కొన్ని అద్దాల పటాలయ్యేవి. మిగతావి జూన్‌లో మా పుస్తకాలకు అట్టలయ్యేవి, నున్నటి బొమ్మ లోపలికి, తెల్లటి వెనకవైపు బయటికి. ఆ తెలుపు మీద నాన్న గుండ్రటి అక్షరాలతో పేరు, తరగతి, సెక్షన్ రాసిచ్చేవారు. బడి అయిపోయాక పాత పుస్తకాలవాడి తక్కెడలోకి, అక్కణ్నుంచి మళ్లీ కాగితం మిల్లుకు. ఒక మందుల షాపు జనవరిలో చుట్టచుట్టి చేతిలో పెట్టిన కాగితం ఇన్ని మలుపులు తిరిగేది.

డబ్బాల సంగతీ అంతే. పచ్చరంగు చెట్టు బొమ్మ ఉన్న పసుప్పచ్చ డాల్డా డబ్బా తులసికోట లేని ఇళ్లలో తులసికి కుండీ అయింది, బావి దగ్గర చేద అయింది. స్టీలు సామాన్లకైతే పేర్లు కొట్టించడం మన ఇళ్లలో ఆచారం. చిక్కడపల్లి గిన్నెల దుకాణంలో గ్లాసు కొంటే చాలు, "పేరేం వేయమంటారమ్మా?" అని అడిగి చిన్న మిషన్‌తో చుక్కలు చుక్కలుగా చెక్కి ఇచ్చేవారు. గృహప్రవేశానికి ఎవరో ఇచ్చిన డబ్బా మీద వాళ్ల పేరు, ఊరు. ఆ మనిషి పోయి ముప్ఫై ఏళ్లయినా పోపుదినుసులు అందులోనే ఉంటాయి. స్టీలు తయారీకి బోలెడు బొగ్గు, కరెంటు ఖర్చవుతాయి, నిజమే. కానీ మూడు తరాలు వాడే డబ్బాకు ఆ ఖర్చు పంచి చూడండి.

ఆర్టీసీ క్రాస్‌రోడ్స్ సినిమా ప్రచారానికి పెద్దబడి. సుదర్శన్, దేవి, సంధ్య థియేటర్ల ముందు గుడ్డ మీద రంగులతో గీసిన నిలువెత్తు హీరోలు నిలబడేవారు. గోడపత్రికలు మైదాపిండి జిగురుతో అంటించేవారు, ఆ జిగురు రుచికి ఆవులు వాటిని పీక్కుని తినేవి. గేటు దగ్గర పాటల పుస్తకం అమ్మేవారు, అది ఇంటికొచ్చి పెట్టెలో దాచుకునే వస్తువైంది. సినిమా మారితే బ్యానర్ గుడ్డ దించి, మళ్లీ పూత వేసి కొత్త బొమ్మ గీసేవారు.

రెండు వేల సంవత్సరం దాటాక ఆ చౌరస్తాలోకి ఫ్లెక్సీ వచ్చింది. కుంచె పట్టినవాళ్లకు పనులు పోయాయి. వారం పట్టే పని గంటలో అయిపోతుంటే ఎవరు ఆగుతారు? పుట్టినరోజుకు ఫ్లెక్సీ, ర్యాంకుకు ఫ్లెక్సీ, సంతాపానికి ఫ్లెక్సీ. అశోక్‌నగర్ కోచింగ్ సెంటర్ల సందుల్లో ఆకాశం కనపడనంతగా కట్టారు. ఫ్లెక్సీ అంటే పాలియెస్టర్ దారాల వలకు రెండువైపులా పీవీసీ పూత. ఆ రెండింటినీ విడదీయడం చాలా కష్టం కాబట్టి కరిగించి మళ్లీ వాడేవాళ్లు దాదాపు ఉండరు. తగలబెడితే హైడ్రోక్లోరిక్ ఆమ్లపు పొగ, డయాక్సిన్లు. కొన్ని గుడిసెల మీద కప్పులై, తోపుడుబళ్లకు పరదాలై ఇంకొంతకాలం బతుకుతాయి. పేదవాడి ఇంటికి నీడైనందుకు వాటిని తప్పుపట్టను. ఆ తర్వాత చిరిగి నాలాల్లో పడతాయి. ఇక్కడి నుంచి హుస్సేన్‌సాగర్ ఎంత దూరమని.

చట్టం ఊరుకోలేదు. 2021 ఆగస్టు 12న కేంద్రం విడుదల చేసిన నిబంధనల్లోని కొన్ని నిషేధాలు 2022 జులై 1 నుంచి అమల్లోకి వచ్చాయి. 100 మైక్రాన్లలోపు మందమున్న ప్లాస్టిక్, పీవీసీ బ్యానర్లు నిషేధం. ప్లాస్టిక్ జెండాలు, బెలూన్ల పుల్లలు, శుభలేఖల మీద చుట్టే పలచటి పొర కూడా ఆ జాబితాలో ఉన్నాయి. వీధిలో కట్టే ఫ్లెక్సీ మాత్రం సాధారణంగా 100 మైక్రాన్ల కంటే మందంగానే ఉంటుంది. పలచటిది పోయింది, మందపుది మిగిలింది. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఒకడుగు ముందుకేసి 2022 ఆగస్టులో ఫ్లెక్సీలన్నిటినీ నిషేధిస్తున్నట్టు ప్రకటించింది. తర్వాత వ్యాపారుల విన్నపం మీద గడువు 2023 జనవరి 26కు జరిపింది.

మందం కన్నా నన్ను ఎక్కువగా బాధపెట్టేది ఫ్లెక్సీ మీద వేసే తేదీ. చిక్కడపల్లి త్యాగరాయ గానసభలో ఏ సాయంత్రమైనా ఏదో ఒక సభ ఉంటుంది. పుస్తకావిష్కరణో, సన్మానమో, సంగీతమో. మా తరం చదువుసంధ్యల్లో సగం అక్కడే నేర్చుకుంది. వేదిక వెనక ఒక ఫ్లెక్సీ, దాని మీద సంస్థ పేరు, అతిథుల ఫొటోలు, తేదీ, సమయం. రెండున్నర గంటల తర్వాత దానికి పనిలేదు. తేదీ పడిన క్షణాన్నే అది చెత్త కావడం ఖాయమైపోయింది. అదే సంస్థ పేరు ఒక్కటే గుడ్డ మీద అందంగా రాయించుకుంటే ఇరవై ఏళ్లు అదే కట్టుకోవచ్చు.

జ్ఞాపికలూ అలాంటివే. సన్మానం జరిగిన ప్రతి రచయిత ఇంట్లో ఒక బీరువా నిండా ఉంటాయి, ప్లాస్టిక్ పీఠం మీద బంగారు రంగు పూసిన వీణలు, అక్రిలిక్ పలకలు, ఫైబర్ సరస్వతులు. వాటి మీద గౌరవం ఉంది కాబట్టి పారేయలేరు. ఉపయోగం లేదు కాబట్టి వాడలేరు. వాళ్ల తర్వాత పిల్లలు ఒకరోజు మూటకట్టి బయట పెడతారు. ఒక పెద్ద కవి ఇంటి ముందు అలాంటి మూట చూశాను. ఆ రాత్రి నాకు నిద్రపట్టలేదు.

ఇక అందరూ చెప్పే పరిష్కారం, గుడ్డ సంచి. ఇక్కడ కొంచెం జాగ్రత్తగా మాట్లాడాలి. చూడటానికి గుడ్డలా ఉండే రంగురంగుల నాన్‌వోవెన్ సంచి గుడ్డ కాదు, పాలీప్రొపిలీన్ ప్లాస్టిక్ పోగుల్ని వేడితో అతికించిన పొర. ఎండ తగిలితే పొడిపొడిగా రాలుతుంది. చదరపు మీటరుకు 60 గ్రాముల లోపు బరువుండే ఆ సంచులనూ 2021 సెప్టెంబరు నుంచి నిషేధించారు. ఇక అసలు పత్తి సంచికీ పత్తి పండించే నీళ్లు, ఎరువులు, మిల్లు కరెంటు లెక్కలోకి వస్తాయి. ఒకసారి వాడి పారేసే పలచటి ప్లాస్టిక్ సంచితో పోలిస్తే, భూతాపం విషయంలో మేలనిపించుకోవాలంటే పత్తి సంచిని 131 సార్లు వాడాలని 2011లో బ్రిటన్ పర్యావరణ సంస్థ లెక్కగట్టింది. ఓజోన్ పొరకు జరిగే హాని సహా అన్ని కొలతలూ చూస్తే 7,100 సార్లని 2018లో డెన్మార్క్ వాళ్లు తేల్చారు.

ఈ అంకెలు చూపించి పత్తి సంచిని తీసిపారేసేవాళ్లున్నారు. నాకవి మరోలా కనపడతాయి. వారానికి రెండుసార్లు మార్కెట్‌కి వెళ్తే 131 అన్నది ఏడాదీ మూడు నెలల పని. మా నాయనమ్మ సంచి దానికి ఎన్ని రెట్లు తిరిగిందో! 7,100 దాకా వెళ్లాలంటే అదే లెక్కన 68 ఏళ్లు పడుతుంది. అంత కాలం ఏ సంచీ ఉండదేమో, కానీ రెండు కొలతలూ చెప్పేది ఇంట్లో అప్పటికే అయిదు ఉంటే ఆరోది ఇవ్వొద్దని. మీటింగుకొకటి చొప్పున ఇచ్చి, అన్నీ ఒక సంచిలో కుక్కి అటక మీద పడేసేలా చేస్తే పత్తి అయినా ఒకటే, ప్లాస్టిక్ అయినా ఒకటే. సంచి మీద వేసే అచ్చునూ చూసుకోవాలి. రబ్బరులా మందంగా, నున్నగా మెరిసే ప్లాస్టిసోల్ రంగులో ఉండేది పీవీసీయే. నీళ్లతో కలిపే పిగ్మెంట్ రంగు గుడ్డలో ఇంకుతుంది, ఉతుకుల్లో మెల్లగా వెలుస్తుంది.

మన దగ్గర మంచి ప్రయత్నాలు లేకపోలేదు. తిరుమల లడ్డూల కోసం హైదరాబాద్‌లోని డీఆర్‌డీవో ప్రయోగశాల, క్షిపణుల పని చేసే అడ్వాన్స్‌డ్ సిస్టమ్స్ లాబొరేటరీ, మొక్కజొన్న పిండి ఆధారంగా మట్టిలో కలిసిపోయే సంచి తయారుచేసింది. 2021 ఆగస్టులో కొండ మీద వాటికి కౌంటర్ తెరిచారు. ప్రసాదం ఇంటికి చేర్చి, పని ముగించుకుని మట్టిలో కలవాల్సిన సంచికి అది తగిన దారి. దాచుకోవాల్సిన వస్తువైతే దారి వేరు. దానికి లక్క బొమ్మల ఊరు ఏటికొప్పాక ఉంది. అంకుడు కర్రను తరిణ మీద తిప్పుతూ లక్క రంగులద్దుతారు. రసాయన రంగులు వచ్చి పడ్డాక మళ్లీ పసుపు, నీలిమందు వంటి చెట్టుచేమల రంగుల వైపు ఆ ఊరిని తిప్పిన సి.వి. రాజుగారికి 2023లో పద్మశ్రీ వచ్చింది. 2025 గణతంత్ర దినోత్సవంలో ఆంధ్రప్రదేశ్ శకటం ఆ బొమ్మలదే. సన్మానానికి ఫైబర్ వీణకు బదులు ఏటికొప్పాక భరిణె ఇస్తే, ఆ ఇంట్లో కుంకుమ ఉన్నంతకాలం ఆ సంస్థ పేరు ఉంటుంది.

మొన్న మా నాయనమ్మ పేరున ఇంట్లో చిన్న కార్యక్రమం చేస్తూ, వచ్చినవాళ్లకు తలా ఒక చేనేత సంచి ఇద్దామనుకున్నాం. చిక్కడపల్లి సందులో స్క్రీన్ ప్రింటింగ్ చేసే ఒక కుర్రాడి దగ్గరికి నలభై సంచులు పట్టుకెళ్లాను. ఇంట్లో అప్పటికే చాలా ఉన్నాయన్నవాళ్లను ముందే తీసేస్తే తేలిన లెక్క అది. చెక్క ఫ్రేము బిగిస్తూ అడిగాడు.

"తేదీ ఏడ వేయాలె సార్?"

"తేదీ వద్దు బాబూ."

"తేదీ లేకుంటె ఏం ఫంక్షన్‌లిచ్చిన్రో ఎట్ల యాదికుంటది?"

కింద ఒక మూలగా, చిన్న అక్షరాల్లో నాయనమ్మ పేరొక్కటే వేయమన్నాను. సంచి మధ్యలో పెద్దగా వేస్తే కొట్టొచ్చినట్టు కనపడుతుందని ఇంకోసారి చెప్పి చూశాడు. ఒక సంచిని తిరగేసి కాడల కుట్టు లాగి చూపించాను, డబుల్ కుట్టు. అతను నవ్వి, ఆకుపచ్చ రంగులో నీళ్లు కలిపి, ఫ్రేము మీద రబ్బరు బద్ద ఒక్కసారి కిందికి లాగాడు. మొదటి సంచి తీగ మీద ఆరేశాడు.