ఫలానా ప్రోగ్రాం ఇల్లెక్కడండీ?

మన ఊళ్ళల్లో ఎవరి ఇల్లు కావాలన్నా రామాలయం అరుగు మీద కూర్చున్నాయన్ని అడిగితే సరిపోయేది. మరి కంప్యూటర్లో ఒక ప్రోగ్రాం ఏ ఫోల్డర్లో ఉందో ఇంకో ప్రోగ్రాం తెలుసుకోవాలంటే ఎవర్ని అడగాలి? ఈ చిన్న ప్రశ్నకి నలభయ్యేళ్ళు దాటిన చరిత్ర ఉందండోయ్!

1983లో ఎంఎస్-డాస్ 2.0తో ఫోల్డర్లు వచ్చాయి (డైరెక్టరీలు అనేవారప్పుడు). అంతకుముందు ఫ్లాపీలో ఫైళ్ళన్నిటిదీ ఒకే గదిలో కాపురం. గదులు పెరిగాక వెతుకులాట మొదలైంది. అందుకే 'పాత్' అని ఒక జాబితా... ముందు ఈ వీధి చూడు, లేకపోతే ఆ వీధి చూడు అని. విండోస్ తొలిరోజుల్లో ప్రతి ప్రోగ్రామూ ఐఎన్ఐ ఫైళ్ళలో తన వివరాలు రాసుకునేది. ఎవరి చిట్టా వారిదే.

1992లో విండోస్ 3.1లో రిజిస్ట్రీ చిన్నగా మొదలై, 1995లో విండోస్ 95 వచ్చేసరికి ఊరందరికీ ఒకటే దస్తరం అయింది. కరణంగారి దస్తరం అనుకోండి. 'ప్రోగ్రాం ఫైల్స్' పేట వెలిసిందీ అప్పుడే. దస్తరంలో 'యాప్ పాత్స్' అనే పేజీలో ఎక్సెల్ పేరు చూస్తే పూర్తి చిరునామా దొరుకుతుంది. 'అన్‌ఇన్‌స్టాల్' పేజీలోనూ ఇన్‌స్టాల్ లొకేషన్ అని ఒక గడి ఉంది గానీ, దాన్ని నింపి తీరాలన్న నియమం లేదు. చాలా ప్రోగ్రాములు ఖాళీగా వదిలేస్తాయి.

అయినా చాలామంది దస్తరం తెరవకుండా 'సీ డ్రైవు, ప్రోగ్రాం ఫైల్స్' అని కోడులోనే రాసేశారు. జర్మన్ భాష ఎక్స్‌పీలో ఆ పేట పేరు 'ప్రోగ్రామ్మె' అని వాళ్ళకి తట్టలేదు. 64-బిట్ విండోస్ వచ్చాక 32-బిట్ ప్రోగ్రాములకి 'ఎక్స్86' అని వేరే పేట, రిజిస్ట్రీలో 'వావ్6432నోడ్' అని వేరే దస్తరం ఏర్పడ్డాయి.

దీని దెబ్బ నేనొక క్లయింటు దగ్గర కళ్ళారా చూశాను. పాత కంప్యూటర్లు తీసేసి 64-బిట్‌వి పెట్టారు. జీతాల చెక్కులు అచ్చువేసే ప్రోగ్రామేమో కొత్త పేటలోకి వెళ్ళింది, దాన్ని పిలిచే కోడేమో పాత పేటలో తలుపు కొడుతోంది. నెలాఖరు శుక్రవారం. గోదాములో పనిచేసేవాళ్ళు అద్దె కట్టాలని ఫోన్ల మీద ఫోన్లు! రెండు దస్తరాలూ చూసే నాలుగు లైన్లు రాశాక గానీ చెక్కులు బయటికి రాలేదు.

మీకూ ఈ పని పడితే ముందు యాప్ పాత్స్ చూడండి, యూజర్‌దీ మెషీన్‌దీ రెండూ. దొరక్కపోతే అన్‌ఇన్‌స్టాల్ పేజీలు, 32, 64 రెండు వైపులా. చిరునామా దొరికినా ఫైలు నిజంగా అక్కడుందో లేదో చూసుకోండి. 'విన్32_ప్రోడక్ట్' జోలికి మాత్రం పోకండి. జాబితా అడిగిన పాపానికి విండోస్ ఇన్‌స్టాలర్‌తో పెట్టిన ప్రతి ప్రోగ్రామునీ తనిఖీ చేసి, ఒక్కోసారి రిపేరు కూడా మొదలుపెడుతుంది.

ఏడాదికో అపార్ట్‌మెంటు మారే మనలాంటి వాళ్ళకి ఇదేం కొత్త సంగతి కాదులెండి. పాత చిరునామాకి పంపిన ఆవకాయ పార్సిలు ఎక్కడికి పోతుందో మనకి తెలుసుగా!