రోము శిథిలములు - విశాఖ కుర్చీలు

ఒక జాతి జీవితమును తెలిసికొనుటకు కోటలును దేవాలయములును ఎంత తోడ్పడునో, ఇంటిలోని కుర్చీయు బల్లయు అంతయే తోడ్పడును. రాజు మారినపుడు నాణెము మారును. రుచి మారినపుడు కుర్చీకాలు మారును. 18వ శతాబ్దపు ఉత్తరార్ధమున ఐరోపా ఖండమున కుర్చీకాలు మారిన కథలో తెలుగువారికిని కొంత భాగము కలదు. అది వారిలో అనేకులకు తెలియని భాగము.

ఆ శతాబ్ది ప్రథమార్ధమున ఫ్రాన్సు దేశమున ‘రొకోకో’ అను శైలి చెల్లుచుండెను. అందు సరళరేఖకు చోటు తక్కువ. కుర్చీకాళ్ళు వంపు తిరిగి జంతువుల కాళ్ళను పోలియుండెడివి. సొరుగుల బీరువాల ముఖములు ఉబ్బియుండెడివి. గవ్వలును తీగలును ఎల్లెడల అల్లుకొనెడివి. కుడియెడమలు సమానముగ నుండవలెనను నియమము సైతము సడలిపోయెను. ఈ విలాసము విసుగు పుట్టించుచున్న కాలముననే ఇటలీలో ఒక విశేషము జరిగెను. క్రీ.శ. 79లో వెసూవియస్ అగ్నిపర్వతము క్రక్కిన బూడిదలో పూడిపోయిన హెర్క్యులేనియమ్ నగరమును 1738లోను, పాంపీ నగరమును 1748లోను త్రవ్వ నారంభించిరి. గోడలమీది చిత్రములును, కంచు దీపస్తంభములును, ముక్కాలిపీటలును వెలికి వచ్చెను. అంతవరకు ప్రాచీనుల దేవాలయములను మాత్రమే ఎరిగినవారికి వారి ఇండ్లును కనబడెను. పాతదానినుండి ఒక క్రొత్త శైలి పుట్టెను. దానినే నవ్య సంప్రదాయ శైలి యందురు.

ఇంగ్లండున ఈ మార్పునకు ప్రధానపురుషుడు రాబర్ట్ ఆడమ్ (1728-1792). స్కాట్లండున జన్మించిన ఈ వాస్తుశిల్పి 1754లో బయలుదేరి, ఇటలీయందు ప్రాచీన కట్టడములను కొలిచి, చిత్రించి, 1758లో లండనులో స్థిరపడెను. డయోక్లీషియన్ చక్రవర్తి ప్రాసాదముపై ఆతడు రచించిన గ్రంథము 1764లో వెలువడెను. గోడ, పైకప్పు, తివాచీ, కుర్చీ అన్నియు ఒకే భావమునుండి పుట్టవలెనని ఆతని మతము. లండను సమీపమందలి ఆస్టర్లీ భవనము ఇందుకు నిదర్శనము.

ఈ శైలిని గుర్తించుట కష్టము కాదు. కుర్చీకాళ్ళు నిటారుగ నిలిచి క్రిందికి పోనుపోను సన్నగిలును. వానిపై రోమను స్తంభములందువలె నిలువు గాడులు చెక్కబడును. వీపుపలక అండాకారముననో, డాలు ఆకారముననో, చతురస్రముగనో ఉండును. అలంకారములు పరిమితములు: పూలతోరణము, కలశము, అకాంథస్ ఆకు, గుండ్రని పువ్వుబిళ్ళ. అన్నిటికంటె ముఖ్యము తూకము. మధ్యన గీత గీచినచో కుడిభాగము ఎడమభాగమునకు ప్రతిబింబమగును.

ఫ్రాన్సున 16వ లూయీ రాజ్యమునకు వచ్చిన 1774 నాటికి ఈ పోకడ స్థిరపడినది. రీజెనర్ వంటి దారుశిల్పులు రాజకుటుంబమునకు పనిచేసి ఖ్యాతి గడించిరి. ఇంగ్లండున జార్జి హెపుల్‌వైట్ 1786లో మరణింపగా, ఆతని నమూనాల గ్రంథమును భార్య 1788లో ప్రకటించెను. థామస్ షెరటన్ నమూనాల గ్రంథము 1791-94 సంవత్సరములలో భాగములుగ వెలువడెను. వీరి కాలమున మిక్కిలి ఆదరము పొందిన కొయ్యలలో పసిడివన్నెగల సాటిన్‌వుడ్ ఒకటి. దానిలో ఒక జాతి దక్షిణ హిందూస్థానపు అడవులలో పెరుగును. తెలుగువారు దానిని బిల్లుడు అందురు.

ఇక విశాఖపట్టణము. ఆంగ్లేయులు 1682లో అచట వర్తకశాల నెలకొల్పిరి. తీరమందలి అద్దకపు బట్టలకై వచ్చిన వర్తకులకు అచటి వడ్రంగుల చేతిపని కంటబడెను. ఇరుగుడు, టేకు వంటి గట్టికొయ్యలలో సన్నని గాడి త్రవ్వి, దంతపు రేకులను పొదిగి, ఆ దంతముపై ములుకుతో గీతలు గీసి, గీతలలో నల్లని లక్క నింపి నునుపుచేయుట వారి విద్య. 1756లో ఆ రేవును చూచిన కార్నీల్ అను ఆంగ్ల సైనికాధికారి, అచటి అద్దకమును, ఈ పొదుగుడు పనిని ప్రశంసించుచు వ్రాసెను. పిమ్మట చిన్న పెట్టెలకు, బల్లలకు కొయ్య కనబడకుండ దంతపు రేకులే తొడుగు పద్ధతియు వ్యాపించెను. మద్రాసు గవర్నరుగా 1773 మొదలు 1775 వరకు ఉండిన అలెగ్జాండర్ వించ్ ఇట్టి దంతపు కుర్చీలను స్వదేశమునకు కొనిపోయెను. ఆతని మరణానంతరము 1781లో జరిగిన వేలమున మూడవ జార్జి రాజు వానిని షార్లెట్ రాణికై కొనెను.

ఐరోపా రుచి మారినకొలది విశాఖ పనియు మారెను. కంపెనీ ఉద్యోగులు సీమనుండి తెచ్చిన కుర్చీయో, అచ్చుబొమ్మయో నమూనాగ ఉండెడిది. వంపుకాళ్ళు పోయి నిటారుకాళ్ళు వచ్చెను. దంతముమీద కలశములును, తోరణములును, రోమను పోకడ భవనములును వెలసెను. ఐనను అంచులలో మాత్రము అద్దకపు బట్టలనాటి పూలతీగ చాలకాలము నిలిచెను.

ఇది అనుకరణయే కదా యని కొందరు తేలికపరుపవచ్చును. కాని గ్రీకులను రోమనులు అనుకరించిరి. రోమనులను ఆడమ్ అనుకరించెను. ఆతనిని ప్రతిభాశాలి యనినచో, చూడని దేశపు శిల్పమును ఒక అచ్చుబొమ్మ ఆధారమున దంతముపై నిలిపిన వడ్రంగిని ఏమనవలెను? భేదము చేతిలో కాదు, చరిత్రలో కలదు. లండను శిల్పి తన పేరుతో గ్రంథము అచ్చువేసికొనెను. విశాఖ శిల్పి కూలి పుచ్చుకొని వస్తువును ఓడ కెక్కించెను. హెపుల్‌వైట్, షెరటన్ అను పేర్లు శైలులకే పేర్లైనవి. విశాఖ కుర్చీలను చేసినవారి పేర్లను నమోదు చేయవలెనని ఆనాడు కొన్నవారికి తోచలేదు.

ఈ సౌందర్యమునకు వెల చెల్లించినది ఏనుగు కూడ. నేడు భారతదేశమున దంతపు వర్తకము చట్టరీత్యా నిషిద్ధము, అది న్యాయమే. 19వ శతాబ్దముననే విశాఖ పనివారు జంతువుల కొమ్మును, ఏదుపంది ముళ్ళను కూడ ఉపయోగించి పెట్టెలు చేయుచుండిరి. పదార్థము మారినను చేతివిద్య నిలువగలదనుటకు అది సాక్ష్యము.

రోమను స్తంభముల మోజు కుర్చీలతో ఆగలేదు. ఇంగ్లండునందలి కెడిల్‌స్టన్ భవనము నమూనాగ కలకత్తాలో గవర్నమెంటు హౌస్ 1803లో పూర్తియైనది. హైదరాబాదు కోఠీలోని రెసిడెన్సీ భవనమును ఆ దశాబ్దముననే లేచినది. తరువాతి కాలమున మహిళా కళాశాలకు నెలవైనది.

లండనులోని విక్టోరియా అండ్ ఆల్బర్ట్ ప్రదర్శనశాలలో విశాఖ దంతపు పని నేటికిని కలదు. చేసినవాని పేరుండవలసిన చోట కంపెనీవారి పలుకుబడిలో ‘విజగపటామ్’ అని ఊరి పేరు కనబడును. అచటికి పోయిన తెలుగువారు ఆ చీటివద్ద ఒక నిమిషము నిలిచి, దానిని విశాఖపట్టణమని సరిగా చదివినచో, పేరు దక్కని ఆ వడ్రంగులకు కొంత ఋణము తీర్చినవారగుదురు.