ప్రశ్నార్థకానికి చోటు, అకారానికి లేదు



మా తిరువూరుకు పోస్టుకార్డు మీద తెలుగులో చిరునామా వ్రాస్తే చాలు, ఉత్తరం ఇల్లు చేరుతుంది. ఈమెయిలుకు ఆ భాగ్యం చాలాకాలం లేదు. ఆ కథ కొంచెం చెప్పుకుందాం.

1971లో అమెరికాలో రే టామ్లిన్‌సన్ మనిషి పేరుకూ యంత్రం పేరుకూ నడుమ @ గుర్తును నిలిపాడు. నాటి యంత్రాలకు తెలిసినవి ఆస్కీ పట్టికలోని 128 సంకేతాలే. 1982లో జాన్ పోస్టెల్ కూర్చిన నియమావళి ఆ హద్దునే స్థిరపరచింది. @ కు ముందుభాగంలో లాటిన్ అక్షరాలు, అంకెలు, మరి 19 గుర్తులు సామాన్యంగా చెల్లుతాయి. చుక్క నడుమ రావచ్చు; ఆద్యంతాల్లో రాకూడదు, వరుసగా రెండు ఉండకూడదు. కూడికగుర్తు, తారకం, చివరికి ప్రశ్నార్థకం సైతం చెల్లుతాయి. మన అకారం మాత్రం చెల్లదు!

ఫలితమేమిటి? త-ట, న-ణ, ల-ళ భేదాలు చూపని లిపిలో మన పేర్లు వ్రాసుకున్నాం. మా ఊరిపేరును 'టి' తరువాత 'హెచ్' చేర్చి కొందరు, చేర్చక కొందరు వ్రాస్తారు. కార్డు మీద రెండూ ఒకటే. ఈమెయిలులో ఒక్క అక్షరం మారినా అది వేరొకరి చిరునామా.

2011లో '.భారత్' తెలుగు లిపిలో అంతర్జాల మూలపట్టికకెక్కింది. 2012 ఫిబ్రవరిలో వెలువడిన కొత్త నియమాలు @ కు ముందు కూడా యూనికోడ్ అక్షరాలను అనుమతించాయి. 2014లో జీమెయిల్ అటువంటి చిరునామాలతో ఉత్తరప్రత్యుత్తరాలకు వీలు కల్పించింది.

అయినా రెండు చిక్కులున్నాయి. ముందుభాగానికి 64 బైట్ల హద్దు మారలేదు. లాటిన్ అక్షరానికి ఒక బైటు చాలు. తెలుగులో ప్రతి అక్షరసంకేతానికీ, గుణింతపు గుర్తుకూ, పొల్లుకూ మూడేసి కావాలి. 'తిరువూరు'కు 24 బైట్లు, ఒక్క 'శ్రీ'కే 12! రెండవది: @ తరువాతి పేరుకు పునీకోడ్ అనే ఆస్కీ మారురూపం ఉంది, ముందున్న పేరుకు లేదు. దారిలో ఏ ఒక్క సర్వరు కొత్త నియమం పాటించకపోయినా ఉత్తరం తిరిగివస్తుంది.

హాజరుపట్టీలో పిల్లల పేర్లు ఒత్తు తప్పకుండా వ్రాయాలని ఉద్యోగకాలమంతా పట్టుబట్టినవాణ్ణి. నా చిరునామా మాత్రం నేటికీ లాటిన్‌లోనే ఉంది. అనుమతి వచ్చింది, అలవాటు రావాలి. అడిగేవారుంటేనే అది వస్తుంది.