అస్థిభంగము – మరమగ్గము

షోలాపూరున తొలి నూలుమిల్లు 1877లో పని ప్రారంభించినది. తెలంగాణమునుండి వచ్చి ఆ పట్టణమున స్థిరపడిన పద్మశాలీలు కొందరు మిల్లులలోను, కొందరు తమ యింటి మగ్గములపైనను జీవించిరి. నేడు నీలం నగర్ వంటి సాలెపేటలలో వినవచ్చునది మరమగ్గముల మ్రోతయే. మగ్గము మారుటతో పనివాని యెముకపై పడు బలమును మారినది. చేతిమగ్గమున వ్రేలు చిక్కినచో నేతగాడు ఆగును, అతనితో మగ్గమును ఆగును. మోటారుకు బెల్టుతో కట్టిన మగ్గము అట్లు ఆగదు.

గట్టియెముక ఒత్తిడికి ఓర్చినంతగా లాగుడుకు ఓర్వదు. మొదటి ఓర్పు రెండవదానికి ఇంచుమించు ఒకటిన్నర రెట్లు. కావున ఎముకను వంచినప్పుడు సాగిన వైపుననే చీలిక పుట్టి అడ్డముగా ప్రాకును. మెలిపెట్టినచో ఆ చీలిక మరచుట్టువలె ఎముకచుట్టును తిరుగును. చొక్కాచేయి బెల్టులో చిక్కి దండ మెలిపడినప్పుడు కలుగ గలది ఈ రెండవ తీరు. బరువు క్రింద నలిగిన యెముక ముక్కలగును. బిడ్డల యెముక పచ్చి వెదురువలె ఒక ప్రక్క చీలి వంగిపోవును.

సుశ్రుతుడు పతనము, పీడనము, ప్రహారము, ఆక్షేపణము, క్రూరమృగముల కాటు మొదలగునవి కారణములని చెప్పి, కీలు తప్పుట 6 విధములనియు, ఎముక విఱుగుట 12 విధములనియు విభజించెను. వానిలో చూర్ణితము, వక్రము అనునవి పైని చెప్పిన చివరి రెండింటికి సరిపోవును. తక్కిన పేర్లన్నిటిని నేటి శాస్త్రముతో ముడిపెట్టుట పండితుల ఉబలాటమే. మోటారు ఆతని కాలమున లేదు. ఉన్నచో క్రూరమృగముల సరసన చేర్చియుండును.

చిత్తూరు సీమలోని పుత్తూరున వెదురుబద్దలతో, గ్రుడ్డుసొనతో వేయు కట్టు తెలుగువారు బాగుగ ఎఱిగినదే. అడ్డముగా విఱిగిన యెముక కొనలు సరిగా కూర్చినచో కట్టులో కుదురుగా నిలుచును. మెలితిరిగి విఱిగినది ఏటవాలుగా నుండును. కండరములు లాగిన కొలది కొనలు జారి అవయవము కుఱుచయగును. ఇది కట్టువాని నేర్పులోని కొఱత కాదు, విఱిచిన బలమే వేఱు. అందుచే, 1895లో రాంట్జెన్ కనుగొన్న కిరణములతో తీసిన పటము చూడక అట్టి చేతికి కట్టు వేయరాదు.

అపాయకరములగు యంత్రభాగములకు కంచె వేయవలెనని 1881 నాటి ఫ్యాక్టరీ చట్టమే విధించినది. కాని అది 100 మంది పనివారున్న చోట్లకే వర్తించెను. ఆ హద్దు 1891లో 50కి, 1922లో 20కి, 1948లో విద్యుచ్ఛక్తి వాడుచోట 10కి దిగినది. 2020లో పార్లమెంటు ఆమోదించిన సంహిత దానిని మరల 20కి పెంచినది. ఇంటి చావడిలో నాలుగు మగ్గములు నడుపుకొను కుటుంబము ఈ హద్దులలో దేనిలోనికిని రాలేదు.