మన వార్త ఏ పేజీలో పడింది?

డ్యూటీలో ఉండి ఈ వారం ఎపిసోడ్ వినలేకపోయిన అన్నలు, అక్కల కోసం అదే ముచ్చట ఇక్కడ రాసి పెడుతున్నాను. మాటకు మాట కాదు. మైకు ముందు మర్చిపోయినవి కొన్ని కలిపాను, ఎక్కువ మాట్లాడినవి కొన్ని తీసేశాను.

ముందు ఒక చిన్న పని చేయండి. రూములో ఎక్కడో ఒకచోట సూపర్ మార్కెట్ ఆఫర్ల కాగితం పడి ఉంటుంది కదా, దాన్ని తీయండి. పైన పెద్దగా ఏముంది? బియ్యం బస్తానో, నూనె డబ్బానో, ఫ్రోజెన్ చికెనో. అడుగున మూలకు చిన్నగా ఏముంది? సబ్బులు, టూత్ బ్రష్‌లు. ఏది పైకి పోవాలి, ఏది మూలకు పోవాలి అని ఎవరో ఒకరు కూర్చుని తేల్చారు. షార్జాలో అయితే ఆ ఒకరు నేనే అయి ఉండొచ్చు. పదకొండేళ్లుగా ఒక ప్రెస్సులో నా పని అదే.

ఈ పని నేను నేర్చుకున్నది మాత్రం ఆఫర్ కాగితాల కోసం కాదు. 2001లో హైదరాబాద్‌లో జర్నలిజం కోర్సులో చేరాను. వారానికి రెండు రోజులు పేజీ డిజైన్ క్లాసు ఉండేది. అప్పటికే కంప్యూటర్లు వచ్చేశాయి, అయినా సార్ మాకు మొదట పెన్సిలూ స్కేలే పట్టించారు. పేపర్ సైజు తెల్ల కాగితం మీద ఎనిమిది కాలాలు గీసి, ఏ వార్త ఎక్కడ, ఎంత లోతు, ఫొటో ఎంత అని గీతలు పెట్టడం. దాన్ని డమ్మీ అంటారు.

ఒకరోజు సార్ పద్నాలుగు వార్తలు ఇచ్చి, మొదటి పేజీ ఒకటి, జిల్లా పేజీ ఒకటి గీయమన్నారు. అసెంబ్లీ, కరెంటు చార్జీలు, క్రికెట్, ఒక సినిమా ప్రారంభం. వాటిలో ఒకటి, కరీంనగర్ జిల్లా కూలీ మస్కట్‌లో చనిపోయాడు, శవం కోసం ఇంటివాళ్లు ఎదురు చూస్తున్నారు అని. నేను దాన్ని జిల్లా పేజీ అడుగున, సింగిల్ కాలమ్‌లో ఐదు లైన్లకు కుదించి పెట్టాను.

సార్ వచ్చి చూశారు. "ఇదెందుకు అడుగున పెట్టినవ్?"

"రోజూ వచ్చే వార్తే కద సార్."

"రోజూ వస్తుంటే అది చిన్న వార్తా, పెద్ద వార్తా?"

నాకు జవాబు రాలేదు. మాది జగిత్యాల దగ్గర పల్లె. మా వాడలోనే అప్పటికి ఎనిమిది మంది గల్ఫ్‌లో ఉన్నారు. అయినా నా పెన్సిల్ ఆ మూలకే పోయింది. ఎందుకు పోయింది అన్నదే ఈ ఎపిసోడ్.

మొదటి పేజీ మొదటి నుంచీ వార్తలది కాదు

పేపర్ అంటే పైన పెద్ద శీర్షిక, పక్కన పెద్ద ఫొటో అని మనకు అలవాటు. ఆ రూపం ఎప్పటి నుంచో ఉన్నది కాదు. లండన్‌లో టైమ్స్ పత్రిక 1966 దాకా మొదటి పేజీ నిండా ప్రకటనలే వేసేది. మన మద్రాసు హిందూ కూడా 1958 జనవరి దాకా అంతే. వార్త కావాలంటే పేజీ తిప్పాల్సిందే. అంటే ఏది ముందు కనపడాలి అన్నది దేవుడు రాసిన రాత కాదు. ఆ రోజుల్లో ప్రకటన ముందు ఉండాలి అనుకున్నారు, తర్వాత వార్త ముందు ఉండాలి అనుకున్నారు. మనుషులు అనుకున్నదే, మనుషులు మార్చిందే.

బొంబాయిలో పుట్టిన తెలుగు పేపర్

ఇప్పుడు మనలాంటి వాళ్లకు దగ్గరి ముచ్చట. మన పెట్టెల్లో అమృతాంజనం సీసా ఉంటుంది కదా. దాన్ని 1893లో బొంబాయిలో మొదలుపెట్టిన కాశీనాథుని నాగేశ్వరరావు గారు కృష్ణా జిల్లా నుంచి బతుకుదెరువుకు బొంబాయి పోయినవారే. తలనొప్పి మందు మీద వచ్చిన డబ్బుతో 1908లో అక్కడే ఆంధ్రపత్రిక అని తెలుగు వారపత్రిక పెట్టారు. 1914లో దాన్ని మద్రాసుకు తెచ్చి దినపత్రిక చేశారు.

ఆనాటి బొంబాయి అంటే మనకు ఈనాటి దుబాయ్ లాంటిదే. కామాఠీపురా అన్న పేరే అక్కడ కూలి పనికి పోయిన తెలుగు కామాఠీల నుంచి వచ్చింది. నిజాం రాజ్యం నుంచి పోయిన వాళ్లున్నారు, కోస్తా నుంచి పోయిన వాళ్లున్నారు. తెలుగు దేశానికి బయట అచ్చయిన ఆ పత్రికకు జిల్లా పేజీలు లేవు. తెలుగు చదివే మనిషి ఏ ఊరివాడైనా తెరిచేది అదే కాగితం. ఈ మాట గుర్తు పెట్టుకోండి, చివర్లో మళ్లీ దీని దగ్గరికే వస్తాను.

హైదరాబాద్ రాజ్యంలో తెలుగుకు చోటు దొరకడమే కష్టంగా ఉన్న రోజుల్లో, 1926లో సురవరం ప్రతాపరెడ్డి గారు గోలకొండ పత్రిక నడిపారు. తెలంగాణలో కవులు లేరని ఎవరో అంటే, తిట్టుకుంటూ కూర్చోలేదు. 354 మంది కవుల పద్యాలు, వివరాలు కూడగట్టి 1934లో గోలకొండ కవుల సంచిక అచ్చు వేశారు. ఒక్కో కవి ఒక్కో ఊళ్లో విడిగా ఉన్నంత కాలం లేడన్నారు. అందరినీ ఒక్క చోట అచ్చు వేసేసరికి ఇక ఎవరూ లేరనలేకపోయారు.

వత్తు కింద నలిగిన పేరు

క్లాసులో నాకు బాగా నచ్చిన పాఠం అక్షరాల గురించి. ఇంగ్లీషుకు 26 అక్షరాలు, పెద్దవీ చిన్నవీ కలిపి రెండింతలు. సీసం అక్షరాలు ఏరి పేర్చే రోజుల్లో వాళ్ల కంపోజిటర్ కూర్చున్న చోటే కూర్చుని పని కానిచ్చేవాడు. మనకు గుణింతాలు, వత్తులు, వత్తు మీద వత్తు. తెలుగు కంపోజిటర్ ముందు వందల గళ్లు ఉండేవి.

ఇంకో తంటా లోతుది. "రాష్ట్రం" అని రాయండి. ష కింద ట వత్తు, దానికి ర వత్తు. పై లైన్లో వత్తు ఉండి, కింది లైన్లో గుడి ఉంటే రెండూ ఢీకొంటాయి. అందుకని లైన్ల మధ్య ఎడం ఎక్కువ వదలాలి. అదే జాగాలో ఇంగ్లీషుకు పట్టినన్ని లైన్లు తెలుగుకు పట్టవు. కంప్యూటర్ వచ్చి గళ్ల బాధ తీర్చింది గానీ లోతు బాధ తీర్చలేదు.

దీనికీ మస్కట్ కూలీకీ ఏం సంబంధం? ఉంది. ఎనిమిది కాలాల పేపర్లో ఒక్క కాలమ్ వెడల్పు సుమారు నాలుగు సెంటీమీటర్లు. అందులో శీర్షిక అంటే లైనుకు ఏడెనిమిది అక్షరాలకు మించి పట్టవు. మనిషి పేరు, ఇంటి పేరు, ఊరు, దేశం అన్నీ రాయడానికి చోటు చాలదు. కాబట్టి ఏం రాస్తాం? "గల్ఫ్‌లో ఒకరి మృతి". పేరు పోయి "ఒకరు" మిగిలారు. రాసిన సబ్ ఎడిటర్ చెడ్డవాడేం కాదు. వార్తకు సింగిల్ కాలమ్ అని తేలినప్పుడే పేరు పోయింది.

1989: పేపర్ మన ఊరికి వచ్చింది

1974 ఆగస్టు 10న విశాఖపట్నంలో ఈనాడు మొదలైంది. అంతకు ముందు మన పేపర్లు మద్రాసులోనో, విజయవాడలోనో, హైదరాబాద్‌లోనో అచ్చయి బస్సుల్లో, రైళ్లలో వచ్చేవి. పల్లెకు చేరేసరికి వార్త పాతబడేది. పేపర్ అచ్చయ్యే చోటు జనం దగ్గరికి జరగాలి అన్నది అక్కడ మొదలైన ఆలోచన. 1989లో అదే పత్రిక జిల్లాకో చిన్న సైజు అనుబంధం తెచ్చింది. మనం మినీ అనేది దాన్నే. మిగతా పత్రికలూ అదే బాట పట్టాయి.

దీని వెనక లెక్క కూడా ఉంది. పట్నంలో బట్టల కొట్టాయన రాష్ట్రమంతా వచ్చే పేపర్లో ప్రకటన ఇవ్వలేడు, ఇచ్చినా దండగ. జిల్లా వరకే అంటే ఇస్తాడు. ఆ ప్రకటనల పక్కన నింపడానికి మండలానికో కంట్రిబ్యూటర్‌ను పెట్టుకున్నారు. బోరు ఎండిపోవడం, బడికి పంతులు రాకపోవడం, ఆర్టీసీ బస్సు ఆపేయడం, ఇవన్నీ మొదటిసారి అచ్చులోకి వచ్చాయి. మా ఊరి పేరు నేను పేపర్లో చూసిందీ ఆ మినీలోనే. ఎవరో మా చెరువు తూము గురించి రాశారు. నాన్న దాన్ని చింపి గోడకు అంటించాడు. కాబట్టి జిల్లా పేజీ మనకు మేలు చేయలేదని నేను అనను.

అయితే అదే పేజీ ఒక గోడ కూడా కట్టింది. కరీంనగర్ మినీలో వచ్చింది కరీంనగర్ వాళ్లే చదువుతారు. నిజామాబాద్‌లో కనపడదు, కడపలో కనపడదు. ముఖ్యంగా, నిర్ణయాలు తీసుకునే హైదరాబాద్‌లో కనపడదు. తర్వాత జిల్లాలే చిన్నవయ్యాయి. తెలంగాణలో 10 ఉన్నవి ఇప్పుడు 33. ఆంధ్రలో 13 ఉన్నవి 2022లో 26 అయ్యాయి. జిల్లా చిన్నదైన కొద్దీ గోడ మన ఇంటికి ఇంకా దగ్గరికి జరిగింది.

గోడ దాటిన వార్త ఒకటి చెప్పి సార్ ఆ రోజు క్లాసు ముగించారు. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో, రాత్రి బడిలో అక్షరాలు నేర్చుకున్న ఆడవాళ్లు సారా కొట్టు మూయించారు. మామూలుగా అయితే అది జిల్లా పేజీలో రెండు కాలాల వార్త. కానీ ఈనాడు "సారాపై సమరం" అని దానికి ప్రత్యేకంగా పేజీ పెట్టి, ఏ ఊళ్లో ఏం జరిగినా అందులోకి తెచ్చింది. ఒక ఊరి ఆడవాళ్లు చేసిన పని ఇంకో జిల్లా ఆడవాళ్లకు తెలిసింది. 1993 అక్టోబర్ 1 నుంచి రాష్ట్రమంతా సారా బందు అయింది. చేసింది ఆ ఆడవాళ్లే, పేపర్ కాదు. కానీ విడివిడిగా ఉన్న ఊళ్లను పక్కపక్కన చూపించింది ఆ పేజీ.

ఒక రూము, ఆరు పేపర్లు

ఇక షార్జాకు వద్దాం. 2019లో మా పక్క రూములో ఒక అన్న నిద్రలోనే పోయాడు. నిజామాబాద్ వైపు మనిషి. పద్దెనిమిది రోజులకు గానీ ఇంటికి పంపలేకపోయాం. శవం ఊరు చేరిన మర్నాడు ఒక పేపర్లో వార్త వచ్చింది. సింగిల్ కాలమ్, ఫొటో ఉంది. ఫొటో కింద వేరే ఎవరిదో పేరు. వదిన నాకు వాట్సాప్‌లో పంపి, "అన్నా, ఇది మార్పిస్తవా? పిల్లలు పెద్దయినంక చూసుకుంటరు" అని అడిగింది. ఫోన్ల మీద ఫోన్లు చేస్తే రెండు రోజుల తర్వాత రెండు లైన్ల సవరణ వేశారు. ఫొటో లేకుండా.

ఆ రాత్రి రూములో ఆరుగురం కూర్చున్నాం. జగిత్యాల, సిరిసిల్ల, నిజామాబాద్, కడప, కోనసీమ, శ్రీకాకుళం. ఈ-పేపర్ తెరిస్తే ముందు జిల్లా ఎంచుకోమంటుంది కదా. మేం ఆరుగురం రోజూ ఆరు పేపర్లు చదువుతున్నామని అప్పుడు తట్టింది. ఆ నెలవి అన్నీ తిరగేశాం. సిరిసిల్ల పేజీలో ఒకటి, కడపలో ఒకటి, కోనసీమలో కువైట్ నుంచి వచ్చిన ఒక అక్కది. నిజామాబాద్‌లో మా అన్నది. ఫోన్లు నాలుగూ మంచం మీద పక్కపక్కన పెట్టాం. నాలుగూ సింగిల్ కాలాలే, నాలుగూ అడుగునే. ఏ ఒక్క ఫోన్ చూసినా "ఒకరి మృతి". నాలుగూ కలిపి చూస్తే మొదటి పేజీ.

సార్ అడిగిన దానికి జవాబు నాకు అప్పుడు దొరికింది. రోజూ వచ్చే వార్త చిన్నగా కనపడుతుంది, ఎందుకంటే రోజూ వేరే వేరే గోడల వెనక వస్తుంది. 2024లో తెలంగాణ ప్రభుత్వం గల్ఫ్‌లో చనిపోయిన వాళ్ల కుటుంబాలకు 5 లక్షల రూపాయల సాయం ఇస్తామని ఉత్తర్వు ఇచ్చినప్పుడు మాత్రం అది రాష్ట్ర వార్త అయింది. ఎన్నో ఏళ్ల సింగిల్ కాలాలు కలిస్తే గానీ అంత దూరం రాలేదు.

మనం చేయగలిగింది

పేపర్ వాళ్లను తిట్టి లాభం లేదు, పేజీ ఎట్లా కడతారో తెలుసుకుంటే లాభం ఉంది. ఊరికి వార్త పంపేటప్పుడు పేరు, ఇంటి పేరు, వయసు, ఊరు, మండలం, కంపెనీ పని ఏంటి, ఎన్నేళ్ల నుంచి అని మొదటి రెండు లైన్లలోనే రాయండి. చోటు చాలకపోతే సబ్ ఎడిటర్ కింది నుంచి కోస్తాడు, పై నుంచి కాదు. ఫొటో ఒక్కరిదే పంపండి. గుంపులో ఉన్న ఫొటో అయితే ఎడమ నుంచి ఎవరెవరో రాయండి. ఫొటో పంపిన మెసేజ్‌లోనే పేరు ఉండాలి. విడిగా పంపితే మా అన్నకు జరిగినట్టే జరుగుతుంది. అదే నెలలో ఇంకో జిల్లాలో ఇలాంటిదే జరిగి ఉంటే, ఆ కటింగ్ కూడా జత చేసి, ఇది మా జిల్లా ఒక్కదాని బాధ కాదు అని రాయండి. కంట్రిబ్యూటర్‌తో పాటు హైదరాబాద్, విజయవాడ డెస్కులకు కూడా పంపండి.

మేం 2019 నుంచి ఒక గ్రూపులో కటింగులు దాస్తున్నాం. తేదీ, జిల్లా, ఏ పేజీ, ఎన్ని కాలాలు, పేరు సరిగ్గా ఉందా లేదా. బొంబాయిలో ఆ పెద్దమనిషి పెట్టిన పేపర్‌కు జిల్లాలు లేవన్నాను కదా. మా గ్రూపుకూ లేవు.

వచ్చే సెలవు రోజు మీ రూములో ఫోన్లు ఒకసారి పక్కపక్కన పెట్టి చూడండి. ఏ జిల్లా పేజీలో ఏం దొరికిందో వాయిస్ మెసేజ్ పెట్టండి. వచ్చే ఎపిసోడ్‌లో వినిపిస్తాను. పేర్లతో సహా.